అయిదు అంగుళాల తేడా

చిన్న పడవకు మోటారు కొనదలచినవారు మొదట అశ్వశక్తిని, తరువాత ధరను, ఆ తరువాత గంటకు ఎంత పెట్రోలు తాగుతుందన్న సంగతిని అడుగుతారు. అయితే ఆ మోటారు ఆ పడవకు పొసగుతుందా లేదా అన్నది ఈ మూడింటిలో ఏదీ తేల్చదు. దానిని తేల్చేది మోటారు కాలి పొడవు. అవుట్‌బోర్డ్ మోటారు పడవ లోపల కాక, పడవ వెనుక పలకకు బయటి వైపున వేలాడే యంత్రం. పైన ఇంజిను, అడుగున నీటిలో తిరిగే ప్రొపెల్లర్, ఆ రెంటినీ కలుపుతూ నిలువుగా దిగే షాఫ్టు అనే ఉక్కు కడ్డీ, ఈ మూడూ ఒకే అమరికగా ఉండి, అవసరమైన వైపుకు తిప్పితే చుక్కాని పనిని కూడా అదే చేస్తుంది. గోదావరి పడవలవారు పడవ వెనుక భాగాన్ని అమరం అంటారు కనుక, మెకానిక్కులు ట్రాన్సమ్ అని పిలిచే ఆ వెనుక పలకను ఇక్కడ అమరపు పలక అనవచ్చు. మోటారు బరువు, అది పుట్టించే తోపుడు, ఎదురయ్యే కుదుపు అన్నీ చివరకు ఆ పలక మీదనే పడతాయి.

తయారీ సంస్థలు దాదాపుగా అన్నీ పాటించే కొలతల ప్రకారం పొట్టి షాఫ్టు మోటారు 15 అంగుళాలది, అంటే 381 మిల్లీమీటర్లది. లాంగ్ షాఫ్టు మోటారు 20 అంగుళాలది, అంటే 508 మిల్లీమీటర్లది. వీటికి మించినది 25 అంగుళాలది. ఈ అంకె కడ్డీ అసలు పొడవును తెలపదు. మోటారును పలక అంచు మీద కూర్చోబెట్టే కొక్కెం లోపలి అంచు నుంచి, ప్రొపెల్లర్‌కు కొద్దిగా పైన రెక్కలాగా పొడుచుకొచ్చిన అడ్డపలక వరకు ఉండే నిలువు దూరాన్ని తెలుపుతుంది. దుకాణాల్లో కేవిటేషన్ ప్లేటు అని పిలిచే ఆ అడ్డపలక పని ఏమిటో తెలిస్తే తక్కిన లెక్క అంతా సులువవుతుంది. ప్రొపెల్లర్ వేగంగా తిరిగేటప్పుడు దాని రెక్కల ముందు వైపున నీటి పీడనం పడిపోతుంది; ఉపరితలం దగ్గరగా ఉంటే పైనున్న గాలి ఆ పీడనం తగ్గిన చోటికి చొరబడుతుంది; గాలిని పట్టుకున్న రెక్క నీటిని తోయలేదు కనుక ఇంజిను ఒక్కసారిగా అరుస్తుంది, పడవ మాత్రం కదలదు. అడ్డపలక ఆ గాలికి మూతలాగా అడ్డుపడుతుంది, అయితే అది పడవ అడుగుకు సమానమైన ఎత్తులో, లేదా ఒక అంగుళం లోపు దిగువన ఉన్నప్పుడు మాత్రమే ఆ పని చేయగలదు. అందుచేత కొలవవలసినది పడవ ఎంత మునిగిందన్నది కాదు, అమరపు పలక పై అంచు నడిమి నుంచి పడవ అడుగు గీత దాకా ఉన్న ఎత్తు. ఆ ఎత్తు 15 అంగుళాలైతే పొట్టి షాఫ్టు, 20 అయితే లాంగ్ షాఫ్టు. 17 లేదా 18 దగ్గర ఆగిపోయిన పడవలే మెకానిక్కుకు పరీక్ష పెడతాయి.

వరంగల్ ప్రాంతంలో ఈ అయిదు అంగుళాల తేడాకు సముద్రతీరంలో లేని ప్రాధాన్యం ఉంది, ఎందుకంటే ఇక్కడి నీళ్లు చెరువు నీళ్లు. పాకాల, రామప్ప, లక్నవరం, ఈ మూడూ కాకతీయ గణపతిదేవుని పాలనలో, అంటే 1199 నుంచి 1262 వరకు సాగిన కాలంలో రూపుదిద్దుకున్న జలాశయాలు. రామప్ప గుడిని 1213లో ప్రతిష్ఠించిన సేనాని రేచర్ల రుద్రుని పేరే ఆ చెరువుకు కూడా ముడిపడి ఉంది. మూడింటిలోనూ చెరువు నిండినప్పుడు తూము దగ్గరి కొలబద్ద 30 అడుగులు దాటిన నీటిమట్టాన్ని చూపుతుంది. ఈ అంకెను చూసి నీరంతా ముప్పై అడుగుల లోతని భావించడం పొరపాటు. గుట్టల నడుమ ఉన్న ఇరుకు సందును కట్టతో మూసి నీరు నిలిపిన చెరువులు కావడం వలన లోతంతా కట్ట వైపునే ఉంటుంది. అక్కడి నుంచి వెనక్కి వెళ్లేకొద్దీ నేల మెల్లగా పైకి లేస్తూ శిఖం దాకా, అంటే నీరు తగ్గినప్పుడు బయటపడి సాగుకు వచ్చే చెరువు లోపలి భూమి దాకా, పరచుకుని ఉంటుంది. మత్తడి దూకే రోజుల్లో పడవ ఎక్కడ తిరిగినా ఇబ్బంది లేదు. ఆయకట్టుకు నీరు వదిలిన తరువాత, మార్చి నుంచి మే వరకు, అదే దారిలో అడుగున్నర లోతు కూడా ఉండకపోవచ్చు. అడవి నడుమ ఉన్న చెరువుల్లో నీట మునిగిన మొద్దులు, రాళ్లు, మత్స్యకారుల వలలు, నాచు, గుర్రపుడెక్క వీటికి తోడవుతాయి. గణపతిదేవుడే మోటుపల్లి రేవులో దిగే విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించాడన్నది చరిత్ర విద్యార్థులకు తెలిసిన సంగతి. ఓడకు, చెరువు పడవకు ఒకే రాజు ఏలుబడిలో చోటున్నా వాటి కింది నీళ్లు మాత్రం ఒకటి కావు.

లాంగ్ షాఫ్టు పుట్టుక కూడా ఆ సముద్రపు నీటి అవసరాలతోనే ముడిపడి ఉంది. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరంలో అవుట్‌బోర్డ్ మోటార్ల తయారీని వ్యాపారంగా మొదలుపెట్టినప్పుడు ఆయన దృష్టిలో ఉన్నవి సరస్సుల్లో తెడ్డు వేసుకు తిరిగే పొట్టి పడవలు. తరువాతి కాలంలో కెరటాలను తట్టుకోవడానికి పడవల అమరాన్ని ఎత్తుగా కట్టడం, ఆ ఎత్తుకు తగినట్లు మోటారు కాలును పొడిగించడం జరిగాయి. కెరటం మీదికి ఎక్కినప్పుడు పడవ వెనుక భాగం గాలిలోకి లేచినా ప్రొపెల్లర్ నీటిని వదలకుండా ఉండటం దీని వలన కలిగిన రెండో లాభం. మన దేశపు తీరాల్లో చేపల వేటకు వాడే మోటార్లలో లాంగ్ షాఫ్టువి విస్తారంగా ఉండటానికి కారణం ఇదే. తీరం నుంచి పాత మోటారును చవకగా కొని చెరువుకు తెచ్చుకునేవారి చేతికి లాంగ్ షాఫ్టు వచ్చే అవకాశం అందుకే ఎక్కువ.

తక్కువ లోతులో ప్రొపెల్లర్ నేలకు తగిలే చిక్కును తెలుగు తీరం సైతం ఒకప్పుడు ఎదుర్కొంది, అయితే మరో దిక్కు నుంచి. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం ఆంధ్ర, ఒడిశా తీరాల్లో రేవు లేని ఇసుక ఒడ్డు నుంచే నీటిలోకి దిగి అక్కడికే తిరిగి చేరే పడవలను రూపొందించే పని చేపట్టింది. అలలు విరిగే చోట అడుగు నేలకు తగులుతుంది కనుక, ప్రొపెల్లర్‌ను అవసరమైనంత సేపు దింపి, ఒడ్డు సమీపించగానే పైకి లేపగలిగే ఏర్పాటు కావలసి వచ్చింది. దానికోసం డీజిల్ ఇంజినును నీరు చొరబడని పెట్టెలో ఉంచి, ఆ పెట్టెను మొత్తంగా ఇరుసు మీద వంచే పద్ధతిని నిపుణులు తయారుచేశారు. ఆ తీరంలోనే తెప్పలకు, ఫైబర్ పడవలకు లాంగ్ టెయిల్ అనే మరో అమరిక వ్యాపించింది. పేరు దగ్గరగా ఉన్నా ఇది లాంగ్ షాఫ్టు కాదు. థాయిలాండ్ కాలువల నుంచి ప్రసిద్ధికెక్కిన ఈ పద్ధతిలో షాఫ్టు నిలువుగా దిగదు. అమరం మీద ఇరుసుపై నిలిపిన ఇంజిను నుంచి పొడవాటి గొట్టంలో ఏటవాలుగా వెనక్కి సాగి, చివరన ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. పడవ నడిపేవాడు పిడిని కిందికి నొక్కితే ప్రొపెల్లర్ పైకి వస్తుంది. మంగపేట, ఏటూరునాగారం వైపు గోదావరిలో వేసవిలో తేలే ఇసుక తిన్నెల నడుమ తిరగవలసిన నాటు పడవకైతే, నిజం చెప్పాలంటే, ఖరీదైన లాంగ్ షాఫ్టు మోటారు కంటే ఈ మోటు ఏర్పాటే నయం.

ఇక 15 అంగుళాల ఎత్తున్న చెరువు పడవకు లాంగ్ షాఫ్టు మోటారును ఏ మార్పూ లేకుండా తగిలిస్తే ఏమవుతుందో చూడాలి. అడ్డపలక పడవ అడుగు కంటే అయిదు అంగుళాలు దిగువకు పోతుంది. పడవ నడుస్తుంది; పెద్దగా వేగం లేని విహారపు పడవలో మొదటి రోజు లోపమేదీ కనిపించకపోవడమే ఇందులోని ప్రమాదం. నీటిలో అదనంగా దిగిన కాలు ఈడ్పును పెంచి పెట్రోలు ఖర్చు చేయిస్తుంది, కాలి చుట్టూ లేచిన నీరు పలక మీదుగా లోపలికి చిమ్ముతుంది. వీటన్నిటినీ మించి, పడవకు కావలసిన లోతు అయిదు అంగుళాలు పెరుగుతుంది. శిఖం వైపు నీరు పలచబడిన రోజుల్లో ఆ అయిదు అంగుళాల్లోనే మొద్దు తగిలేదీ తప్పేదీ ఉంటుంది. దీనికి విరుద్ధంగా ఎత్తైన అమరానికి పొట్టి షాఫ్టు తగిలిస్తే ప్రొపెల్లర్ గాలి పీల్చడమే కాక, ఇంజినును చల్లబరచే నీటిని తోడుకునే రంధ్రాలు సైతం ఉపరితలానికి చేరువై, చల్లదనం అందక ఇంజిను పట్టేస్తుంది. రెండు తప్పుల్లో ఇదే ఖరీదైనది.

లాంగ్ షాఫ్టు మోటారు చేతిలో ఉండి, పడవ అమరం తక్కువ ఎత్తుదైనప్పుడు మిగిలిన సరైన దారి అమరపు పలకను అయిదు అంగుళాలు ఎత్తు చేయడం. కొందరు పాత పలక అంచు మీద అయిదు అంగుళాల చెక్కముక్కను నిలిపి, రెండు పక్కలా రెండు ఇనుప పట్టీలు బిగించి పని అయిందనుకుంటారు. అది ఎందుకు నిలవదో బలాల లెక్క చెబుతుంది. 10 అశ్వశక్తి మోటారు పూర్తి వేగంతో సుమారు 100 కిలోల తోపుడు ఇస్తుందనుకుంటే, ఆ తోపుడు పుట్టేది కొక్కెం దగ్గర కాదు, దానికి దాదాపు 66 సెంటీమీటర్ల దిగువన ఉన్న ప్రొపెల్లర్ దగ్గర. పొట్టి షాఫ్టులో ఇదే దూరం 53 సెంటీమీటర్లు. అంటే అదే తోపుడుకు లాంగ్ షాఫ్టు మోటారు పలకను మెలిపెట్టే శక్తి నాలుగో వంతు అధికం. అడుగున ముందుకు తోసే ఆ బలం బిగింపు కింది అంచును పలకలోకి నొక్కుతుంది, పైనున్న బిగింపు మరలను వెనక్కి లాగుతుంది. ఈ రెండు చోట్ల మధ్య దూరం జానెడు కూడా ఉండదు కనుక మరల దగ్గరి లాగుడు అసలు తోపుడు కంటే పలు రెట్లు పెరుగుతుంది. కొత్త చెక్కముక్కకూ పాత పలకకూ మధ్యనున్న అతుకు సరిగ్గా ఈ నొక్కుడికీ లాగుడికీ నడుమ పడుతుంది. పైముక్క వెనక్కి, కింది పలక ముందుకు కదలజూస్తాయి. ఇనుప పట్టీలు కొన్నాళ్లు ఆపుతాయి, తరువాత వాటి మేకుల చుట్టూ రంధ్రాలు సాగి, అక్కడ నీరు దిగి, ఒకనాడు మోటారుతో సహా ముక్క ఊడివస్తుంది.

కనుక ఎత్తు పెంచేది ముక్కతో కాదు, నిండు పలకతో. అమరపు పలక లోపలి వైపున, దాని అడుగు దాకా కాకపోయినా సగానికి పైగా దిగే కొత్త పలకను అమర్చి, దాని పై అంచును మాత్రం పాత అంచు కంటే అయిదు అంగుళాలు పైకి తీయాలి. బయటి వైపు ఏర్పడిన మెట్టును అదే మందం గల చెక్కతో నింపాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్, అంటే నీటిలో నానినా పొరలు విడని జిగురుతో అతికించిన చెక్క, ఈ పనికి తగినది. వరంగల్ వడ్రంగులకు చేయి తిరిగిన టేకు కూడా పనికొస్తుంది, అయితే ఒకే దిక్కున పోగు ఉన్న చెక్క కావడం వలన దానికి అడ్డంగా పట్టీ వేయవలసి ఉంటుంది. రెండు పొరలను ఎపాక్సీతో, అనగా గట్టిపరచే ద్రవం కలిపి వాడే రెండు భాగాల జిగురుతో, అతికి, తుప్పు పట్టని ఉక్కు బోల్టులను అటు నుంచి ఇటు దూర్చి, లోపలి వైపు వెడల్పాటి వాషర్లు వేసి బిగించాలి. ఇంతటితో పని సగమే అవుతుంది. పలకను మెలిపెట్టే బలం పడవ అడుగులోకి పాకి పోవడానికి దారి కావాలి. దానికోసం కొత్త పలక నడిమి నుంచి పడవ నడిమి దూలం మీదికి దిగే ముక్కోణపు ఊతచెక్కను, రెండు మూలల్లో పక్కగోడలకు చేరే రెండు చిన్న ఊతలను అతకడం తప్పనిసరి. ఫైబర్ పడవల్లో ఇంకొక జాగ్రత్త ఉంది. వాటి అమరపు పలక బయటికి ఫైబర్‌గా కనిపించినా లోపల చెక్క దాగి ఉంటుంది, బోల్టు రంధ్రం గుండా చేరిన నీరు ఏళ్ల తరబడి దానిని నిశ్శబ్దంగా కుళ్లబెడుతుంది. పాత పడవకు పని మొదలుపెట్టే ముందు పలకను సుత్తి పిడితో తట్టి చూడటం వడ్రంగి పద్ధతి. గట్టి చెక్క టంగుమంటుంది, చివికినది మొద్దుగా పలుకుతుంది. చివికిన పలక మీద ఎంత అందమైన పని చేసినా వృథా.

పలక మందాన్ని కూడా ముందుగానే చూసుకోవాలి, ఎందుకంటే చేతి మరలతో బిగించే చిన్న మోటార్ల కొక్కెం నోరు సుమారు ఆరు సెంటీమీటర్లకు మించి తెరుచుకోదు, పొరల మీద పొరలు వేసిన తరువాత మోటారు కూర్చోలేదంటే మళ్లీ చిత్రిక పట్టవలసిందే. పలక నిటారుగా కాక కాస్త వెనక్కి వాలి ఉండాలి. చాలా మోటార్ల బిగింపులు 12 నుంచి 15 డిగ్రీల వాలును ఊహించి తయారైనవి. మిగిలిన తేడాను బిగింపులోని కోణపు రంధ్రాల్లో కడ్డీని మార్చి సరిచేయవచ్చు. కడ్డీ మరీ లోపలి రంధ్రంలో ఉంటే పడవ ముక్కు నీటిలోకి దిగుతుంది, మరీ బయటి రంధ్రంలో ఉంటే ముక్కు ఆకాశం చూస్తుంది. నడుస్తున్న పడవలో అడ్డపలక నీటి మట్టానికి సమాంతరంగా ఉన్నప్పుడు కోణం కుదిరినట్లు.

పలకను ఎత్తు చేసే బదులు, అమరానికి వెనుక విడిగా ఉక్కు చట్రం బిగించి మోటారును దాని మీద నిలిపే పద్ధతి కూడా ఉంది. పెద్ద పడవల్లో అది మేలైనదే; చిన్న పడవలో అది బరువును ఇంకా వెనక్కి నెట్టి అమరాన్ని ముంచుతుంది. ఎత్తైన పలకను కోసి పొట్టి షాఫ్టుకు సరిపెట్టడం మాత్రం ఎవరూ చేయకూడని పని, ఆ కోత గుండానే పడవలోకి నీరు వస్తుంది.

మోటారు అమర్చిన తరువాత మొదటి పరీక్ష ఒడ్డునే జరగాలి. పడవను తాడుతో కట్టి మోటారు నడిపి, దాని పక్కనుంచి సన్నగా చిమ్మే నీటిధారను గమనించాలి. అది ఇంజిను చల్లబడుతోందనడానికి గుర్తు, ధార ఆగితే ఇంజినును వెంటనే ఆపివేయాలి. తరువాత లోతైన నీటిలో పూర్తి వేగంతో గట్టి మలుపు తిప్పి చూడాలి. మలుపులో ఇంజిను అరిచి పడవ వెనకబడితే మోటారు ఎత్తులో ఉందని, నేరుగా పోయేటప్పుడే నీరు లోపలికి చిమ్ముతుంటే దిగువన ఉందని అర్థం. చెరువులో అలలు చిన్నవి కనుక, అరవనంతవరకు మోటారును ఎత్తున ఉంచడమే తెలివైన పని, ప్రతి అర అంగుళమూ వేసవిలో పనికొస్తుంది. వెనక్కి నడిపేటప్పుడు కాలు పైకి లేవకుండా పట్టి ఉంచే రివర్స్ లాక్ అనే కొక్కెం ముందుకు పోయేటప్పుడు విడిపోయి ఉందో లేదో చూడటం మరువరాదు. అది పట్టుకుని ఉంటే మొద్దు తగిలినప్పుడు కాలు పైకి తన్నుకోలేదు, ఆ దెబ్బంతా కొత్త పలకే భరించవలసి వస్తుంది. మోటారుకు, పడవ లోపలి కొక్కేనికి మధ్య ఒక గొలుసు, నడిపేవాడి మణికట్టుకు ఇంజినును ఆపే తాడు, ఈ రెండూ లేని పడవను నీటిలోకి వదలకూడదు.

చెరువుల్లోనే కాదు, నగర వీధుల్లో కూడా ఈ కొలత ఎదురైన సందర్భాలున్నాయి. 2020 ఆగస్టులోను, 2023 జులైలోను వరంగల్ లోతట్టు కాలనీలు మునిగినప్పుడు సహాయక బృందాలు పడవలతో జనాన్ని తరలించాయి. మోకాలి లోతు నీటిలో ఏ షాఫ్టుకూ చోటుండదు, అక్కడ మోటారు పైకెత్తి పడవను మనుషులు తోసుకుపోవలసిందే.

యంత్రం తగిలించిన మరుక్షణం పడవ చట్టం దృష్టిలో వేరే వస్తువు అవుతుంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం యంత్రంతో నడిచే లోతట్టు జలాల పడవలకు సర్వే, అంటే నిపుణుడి తనిఖీ, ఆపైన రిజిస్ట్రేషన్ విధించింది. వరంగల్‌కు ఈ విషయం కాగితం మీది మాట కాదు. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద గోదావరిలో రాయల్ వశిష్ఠ పడవ మునిగినప్పుడు అందులో ఉన్న యాత్రికుల్లో కాజీపేట పక్కనున్న కడిపికొండవారు పలువురు. అది ఇంజిను లోపలే ఉన్న పెద్ద పడవ, దాని కథ వేరు. అయినా బరువు లెక్క అన్ని పడవలకూ ఒకటే. 10 అశ్వశక్తి ఫోర్‌స్ట్రోక్ మోటారు సుమారు 40 కిలోలు, నిండిన పెట్రోలు డబ్బా మరో 20, పిడి పట్టిన మనిషి 65. ఈ 125 కిలోలూ అమరం దగ్గరే కుప్పపడతాయి, కొత్త పలక, ఊతచెక్కల బరువు దీనికి అదనం. డబ్బాను పొడుగు గొట్టంతో పడవ నడుముకు జరిపితే అమరం కొంత తేలుతుంది. మోసే బరువు మాత్రం తగ్గదు కనుక, మునుపు తెడ్డుతో నడిచినప్పుడు ఆరుగురు ఎక్కిన పడవలో, మోటారు తగిలించిన తరువాత నడిపేవాడితో కలిపి అయిదుగురే ఎక్కాలి.